ఎర్రకణాలు ఎక్కువున్నా హిమోగ్లోబిన్ ఎందుకు తక్కువ? మీ సీబీపీ రిపోర్ట్ గురించి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు 26 ఏళ్ళు. పెళ్ళయి ఏడాదిన్నర, పిల్లల కోసం చూస్తున్నారు. మీవారు మీ మేనత్త కొడుకే. నీరసంగా ఉంటోందని సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేయిస్తే హిమోగ్లోబిన్ 10.7 వచ్చింది. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు వాడి మళ్ళీ చేయిస్తే 10.9. ఆర్‌బీసీ, అంటే ఎర్రకణాల లెక్క, మాత్రం 5.9 అని పడి, పక్కన 'హెచ్' (హై, ఎక్కువ) అని వచ్చింది. "ఎర్రకణాలు ఎక్కువే ఉన్నాయి, రక్తం బాగానే పడుతోంది, ఇంకో మూడు నెలలు అవే మాత్రలు వాడండి" అన్నారు డాక్టరుగారు. ఎర్రకణాలు ఎక్కువున్నప్పుడు రక్తం తక్కువ ఎలా అవుతుంది, ఈ 'హెచ్' మంచిదా చెడ్డదా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. మీ అంకెలు ఐరన్ లోపం కన్నా బీటా థలసీమియా ట్రెయిట్ వైపే ఎక్కువ చూపిస్తున్నాయి. గర్భం రాకముందే మీరూ మీవారూ ఇద్దరూ హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ ఎంతుందో చూడకుండా ఇంకో మూడు నెలల ఐరన్ మొదలుపెట్టకండి. ట్రెయిట్ అన్న మాట చూసి భయపడొద్దు. అది జబ్బు కాదు. పుట్టుకతో వచ్చిన ఒక జన్యువు తేడా, అంతే. దాంతో మామూలుగా బతికి, ఉద్యోగాలు చేసి, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. తొందరపడమని నేను చెప్తున్నది మీ ఆరోగ్యం గురించి కాదు, పుట్టబోయే బిడ్డ గురించి.

నేను పాథాలజిస్టుని. మొదట జిల్లా ఆసుపత్రిలో, తర్వాత బయట ల్యాబుల్లో కలిపి ఇరవై రెండేళ్ళయింది. రోజూ వందకు తగ్గకుండా సీబీపీలు చూసి సంతకం పెడతాను. మిమ్మల్ని చూడకుండా, స్మియర్ (గాజుపలక మీద పూసిన రక్తం) చూడకుండా ఇక్కడ కూర్చుని రోగనిర్ధారణ చెయ్యలేను, చెయ్యకూడదు కూడా. కానీ ఏ పరీక్ష అడగాలో, ఎందుకు అడగాలో చెప్పగలను.

ముందు 5.9 అంటే ఏమిటో చూద్దాం. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో, అంటే గుండుసూది తలంత చుక్కలో, 59 లక్షల ఎర్రకణాలున్నాయని. కొన్ని ల్యాబులు దీన్ని మిలియన్లలో రాస్తాయి, కొన్ని లీటరు లెక్కన పదికి పన్నెండో ఘాతం పెట్టి రాస్తాయి. ఎలా రాసినా ముందున్న 5.9 మారదు. మన దగ్గర ఎక్కువ ల్యాబులు ఆడవాళ్ళకి 3.8 నుంచి 4.8 వరకు, మగవాళ్ళకి 4.5 నుంచి 5.5 వరకు మామూలు అని వేసుకుంటాయి. మీ రిపోర్ట్ మీద ఆ ల్యాబు అచ్చు వేసిన హద్దులే మీకు ప్రమాణం. ఒక ల్యాబు హద్దుల్ని ఇంకో ల్యాబు అంకెలకి పెట్టి చూడకూడదు.

సీబీపీ మిషను నిజంగా కొలిచేవి కొన్నే. సన్నని రంధ్రంలోంచి కణాలు ఒకదాని వెనక ఒకటి దూరుతుంటే, ఒక్కో కణం దాటినప్పుడల్లా కరెంటులో చిన్న అదురు వస్తుంది. అదుర్లు ఎన్నో లెక్కపెడితే కణాల సంఖ్య, అదురు ఎంత పెద్దదో చూస్తే కణం సైజు. వాలెస్ కోల్టర్ అనే అమెరికన్ ఇంజనీరు 1953లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన చిన్న పట్టణాల ల్యాబుల్లో ఉన్న మిషన్లు కూడా చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి. హిమోగ్లోబిన్‌ని మాత్రం వేరే గదిలో, కణాల్ని పగలగొట్టి, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో చూసి కొలుస్తుంది. అంటే ఆర్‌బీసీ కౌంటు, హిమోగ్లోబిన్ రెండూ వేర్వేరుగా కొలిచిన అంకెలు. ఒకటి పెరిగినంత మాత్రాన రెండోది పెరగాలని లేదు. "ఎర్రకణాలు ఎక్కువ కాబట్టి రక్తం బాగుంది" అనడంలో పొరపాటు ఇక్కడే ఉంది.

బియ్యం గోదాము అనుకోండి. మామూలుగా 45 బస్తాలుండాల్సిన చోట మీ దగ్గర 59 ఉన్నాయి. బస్తాలు లెక్కపెట్టినవాడు గోదాము నిండుగా ఉందని రాసుకుపోతాడు. కానీ ఒక్కో బస్తాలో ముప్ఫై కిలోలుండాల్సింది పద్దెనిమిదే ఉన్నాయి. తూకం వేసినవాడికి బియ్యం తక్కువే. మీ రిపోర్ట్‌లో ఆ తూకం ఎంసీహెచ్ అన్న వరుసలో ఉంది: 18.5. మామూలుగా 27 నుంచి 32 ఉండాలి. బస్తా సైజు ఎంసీవీ వరుసలో ఉంది: 62. అది 83 నుంచి 101 మధ్య ఉండాలి. మీ కణాలు చిన్నవి, ఒక్కోదాంట్లో సరుకు తక్కువ, సంఖ్య ఎక్కువ. మనకి ఊపిరిలోని ప్రాణవాయువు మోసేది హిమోగ్లోబిన్. కాబట్టి బస్తాల లెక్క కాదు, బియ్యం తూకమే ముందు చూడాలి.

మా ల్యాబుల్లో కొత్తగా చేరిన టెక్నీషియన్‌కి మొదటి వారమే నేర్పే లెక్క ఒకటుంది. కణాలు మామూలు సైజులో ఉంటే ఆర్‌బీసీని మూడుతో గుణిస్తే హిమోగ్లోబిన్‌కి దగ్గరగా రావాలి, హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే పీసీవీకి (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) దగ్గరగా రావాలి. 5, 15, 45. మీది వేసి చూడండి: 5.9ని మూడుతో గుణిస్తే 17.7. వచ్చింది 10.9. ఇంత తేడా ఉంటే ఒకటి శాంపిల్‌లో తప్పైనా ఉండాలి, లేదా కణాల్లో తేడా అయినా ఉండాలి. మీకు నాలుగు నెలల ఎడంలో రెండుసార్లూ ఇలాగే వచ్చింది కాబట్టి శాంపిల్ తప్పు అనుకోలేను.

ఇక, కణాలు చిన్నవవడానికి మన దేశంలో ముఖ్యంగా రెండు కారణాలు: ఐరన్ లోపం, థలసీమియా ట్రెయిట్. రెంటిలోనూ ఎంసీవీ తగ్గుతుంది, హిమోగ్లోబిన్ తగ్గుతుంది. పైపైన చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. వాటిని విడదీసే మొదటి అంకె ఆర్‌బీసీ కౌంటే. అందుకే ఆ 'హెచ్'ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

ఐరన్ లోపంలో ముడిసరుకే లేదు. ఎముకల్లో రక్తకణాల్ని తయారుచేసే మూలుగ ఎంత ప్రయత్నించినా కణాలు చిన్నవిగానూ పుడతాయి, తక్కువగానూ పుడతాయి. ట్రెయిట్‌లో ఐరన్ ఉంటుంది, కానీ హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుని తయారుచేసే రెండు జన్యువుల్లో ఒకటి సరిగా పనిచెయ్యదు. ఒక్కో కణానికీ అందే హిమోగ్లోబిన్ తక్కువ కాబట్టి కణం చిన్నదవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మూలుగ మరిన్ని కణాల్ని పంపిస్తుంది. అందుకే కౌంటు పెరుగుతుంది. శరీరం తన వంతు సర్దుబాటు చేసుకుంటోందన్నమాట.

దీన్ని ఒక్క భాగహారంలో పెట్టింది మెంట్జర్ లెక్క, 1973 నాటిది. ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించండి. 13 కన్నా తక్కువొస్తే ట్రెయిట్ అనుమానించాలి, ఎక్కువొస్తే ఐరన్ లోపం. మీది 62ని 5.9తో భాగిస్తే 10.5.

పోలికకి పోయినవారం నేను చూసిన ఒక డిగ్రీ చదివే అమ్మాయి రిపోర్ట్ చెప్తాను. నెలసరిలో రక్తస్రావం బాగా ఎక్కువ, పచ్చి బియ్యం, బలపాలు తినాలనిపిస్తోందని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. హిమోగ్లోబిన్ 8.1, ఆర్‌బీసీ 3.9, ఎంసీవీ 68, ఆర్‌డీడబ్ల్యూ 19. భాగిస్తే 17 పైన వచ్చింది. ఫెరిటిన్ 4. ఇది అచ్చమైన ఐరన్ లోపం. ఆర్‌డీడబ్ల్యూ అంటే కణాల సైజుల మధ్య ఎంత తేడా ఉందో చెప్పే అంకె. ఐరన్ రోజురోజుకీ తరుగుతుంటే పాత కణాలు పెద్దవి, కొత్తవి చిన్నవి, అన్నీ కలగాపులగం, అందుకే అది పెరుగుతుంది. ట్రెయిట్‌లో అన్నీ పుట్టుకతోనే చిన్నవి, ఒకే తీరువి, కాబట్టి ఆర్‌డీడబ్ల్యూ మామూలుగానో కొంచెం ఎక్కువగానో ఉంటుంది. మీది 14.8 అన్నారు, ఆ మాటకి సరిపోతోంది.

కానీ ఈ లెక్కలన్నీ దారి చూపించేవే, తీర్పు చెప్పేవి కావు. మెంట్జర్ లెక్క తప్పిన రిపోర్టులు నా చేతుల్లోనే చాలా ఉన్నాయి. ఐరన్ లోపం, ట్రెయిట్ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, మన ఆడవాళ్ళలో ఇది అరుదేమీ కాదు. అప్పుడు అంకెలు మధ్యలో వచ్చి ఆగుతాయి. ఆల్ఫా థలసీమియా ట్రెయిట్ అని ఇంకోటుంది, దాంట్లోనూ కణాలు చిన్నవే, కానీ హెచ్‌పీఎల్‌సీలో పట్టుబడదు, జన్యుపరీక్ష కావాలి. కాబట్టి 10.5 వచ్చింది కదా అని తేల్చేసుకోకండి.

మీకు ఐరన్ రాసిన డాక్టరుగారిని నేను తప్పుపట్టను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కణాలు చిన్నవిగా ఉన్న ఆడమనిషి ఎదురుగా కూర్చుంటే ముందు ఐరన్ లోపమే గుర్తుకురావడం సహజం, చాలాసార్లు అదే నిజం కూడా. అసలు తప్పటడుగు నాలుగు నెలల తర్వాత పడింది. నిజంగా ఐరన్ లోపమే అయి, మాత్రలు సరిగ్గా వేసుకుంటే, నెలకి ఒక గ్రాము చొప్పున అయినా హిమోగ్లోబిన్ పెరగాలి. నాలుగు నెలల్లో 0.2 పెరగడమంటే పెరగనట్టే. అప్పుడు ఆగి ఎందుకు అని అడగాలి. మాత్రలు టీతో వేసుకుంటున్నారా? కడుపులో మంటని మధ్యమధ్యలో మానేశారా? ఎక్కడైనా రక్తం పోతోందా? కడుపులో కొక్కెం పురుగులా, పేగులు ఐరన్ పీల్చుకోవడంలేదా? ఇవేవీ కాకపోతే, అసలు లోపమే ఐరన్‌ది కాదేమో?

మీరు నాలుగు నెలలు వాడేశారు కాబట్టి ఏదో నష్టం జరిగిపోయిందని మాత్రం కంగారుపడొద్దు. అంతలో ఏమీ కాదు. ట్రెయిట్ ఉన్నవాళ్ళకి కూడా ఫెరిటిన్ తక్కువగా ఉంటే ఐరన్ ఇవ్వాల్సిందే. నిల్వలు నిండుగా ఉన్నా ఏళ్ళ తరబడి మింగిస్తూ పోవడం, ఇంకా నయంకాలేదని ఐరన్ ఇంజెక్షన్లు ఎక్కించడం, అది తప్పు. ఫోలిక్ యాసిడ్ మాత్ర విడిగా ఇచ్చివుంటే దాన్ని మానకండి, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి అది అవసరం.

ఇప్పుడు అసలు సంగతి. మీకు ట్రెయిట్ ఉందనే అనుకుందాం. మీవారికి లేకపోతే, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం మీలాగే ట్రెయిట్‌తో పుట్టడానికి, అంతకుమించి ఏమీ లేదు. మీవారికి కూడా ఉంటే, ప్రతి గర్భానికీ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకి థలసీమియా మేజర్ రావడానికి. మేజర్ అంటే మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన రక్తంలోంచి ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ మందు వెయ్యాలి. దాదాపు పూర్తిగా నయంచేసే దారుల్లో మన దగ్గర ముఖ్యమైనది మూలుగ మార్పిడి, అది అందరికీ కుదరదు.

మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురికి బీటా థలసీమియా ట్రెయిట్ ఉంటుందని అంచనా. మీది మేనరికం కాబట్టి లెక్క ఇంకాస్త మారుతుంది. మీకు ఈ జన్యువు మీ నాన్నగారి వైపు నుంచి రావడానికి సగం అవకాశం. అలా వచ్చివుంటే మీ మేనత్తకీ ఉండటానికి సగం, ఆవిడ నుంచి మీవారికి రావడానికి మళ్ళీ సగం. మొత్తం ఎనిమిదిలో ఒక వంతు, అంటే బయటి సంబంధంతో పోలిస్తే మూడు రెట్లకి పైనే. మేనరికం చేసుకున్నందుకు ఎవర్నీ నిందించడానికి ఈ మాట చెప్పడంలేదు. మీవారి పరీక్షని 'తర్వాత చూద్దాంలే' అనుకోకుండా ఉండటానికి చెప్తున్నాను.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే ఒక జంట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిది నెలల బాబుని తీసుకొచ్చారు. తెల్లగా పాలిపోయి, పొట్ట ఉబ్బి, పాలు కూడా తాగలేకుండా ఉన్నాడు. హిమోగ్లోబిన్ 4.6. స్మియర్ చూడగానే విషయం అర్థమైంది. తల్లిదండ్రుల రక్తం తీసి చూస్తే ఇద్దరికీ ట్రెయిట్. ఆ తల్లి తన పాత కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. అందులో గర్భంతో ఉన్నప్పటి సీబీపీ ఒకటుంది. ఆర్‌బీసీ 5.6, ఎంసీవీ 64, రెండూ బోల్డు అక్షరాల్లో. వేరే ఊళ్ళో ఏదో ల్యాబు ఇచ్చిన రిపోర్టది. అంకెలు తప్పు కాదు, అచ్చు తప్పు కాదు. కింద 'హెచ్‌పీఎల్‌సీ చేయించండి' అన్న ఒక్క వాక్యం లేదు. తొమ్మిది నెలలూ ఆవిడ ఐరన్ మింగుతూనే ఉంది. ఆ రోజునుంచి నా సంతకంతో వెళ్ళే రిపోర్టుల్లో ఆర్‌బీసీ 5 దాటి, ఎంసీవీ 75 లోపు ఉంటే ఆ వాక్యం చేత్తో రాసైనా పంపిస్తున్నాను. పిల్లల్ని కనే వయసువాళ్ళయితే ఫోన్ చేసి కూడా చెప్తాను.

ఇద్దరికీ ట్రెయిట్ ఉందని తేలినా పిల్లలు వద్దనుకోనక్కర్లేదు. ముందుగా ఇద్దరి జన్యువుల్లో ఎక్కడ తేడా ఉందో చెప్పే పరీక్ష చేయించి ఆ కాగితం చేతిలో పెట్టుకోవాలి. గర్భం వచ్చాక సుమారు 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ పరిస్థితి తెలుసుకోవచ్చు. నాలుగింట మూడు వంతులు మంచి కబురే వస్తుంది. ఆ జన్యుపరీక్ష రిపోర్ట్ రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, గర్భం వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు. గర్భానికి ముందే అని నేను పదేపదే అనడానికి కారణం ఇదే.

ఈ సమాధానం వేరేవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి, ఆర్‌బీసీ గురించి నన్ను తరచూ అడిగే ఇంకొన్ని విషయాలు చెప్పి మళ్ళీ మీ దగ్గరికొస్తాను.

ఆర్‌బీసీ, హిమోగ్లోబిన్ రెండూ కలిసి పెరిగితే అది పూర్తిగా వేరే కథ. పొగతాగేవాళ్ళలో, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళలో, రాత్రి గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళలో ఒంటికి ప్రాణవాయువు చాలక మూలుగ ఎక్కువ కణాలు చేస్తుంది. జిమ్ములో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకునే కుర్రాళ్ళలోనూ ఇది చూస్తున్నాను. సుగర్‌కి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలతో కూడా పీసీవీ కొంచెం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా రక్తం చిక్కబడి అంకెలు ఎక్కువ కనిపిస్తాయి, నీరు పట్టాక మళ్ళీ చేస్తే మామూలుగా వస్తాయి. మగవాళ్ళలో హిమోగ్లోబిన్ 16.5, ఆడవాళ్ళలో 16 దాటి, మళ్ళీ చేసినా అలాగే ఉంటే 'రక్తం బాగా ఉంది' అని సంతోషపడకండి. మూలుగ అదుపు తప్పి కణాలు చేసే పాలిసైథీమియా వెరా అన్న జబ్బు ఉంది, దానికి జేఏకే2 అనే పరీక్ష చేస్తారు. రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్న జబ్బది.

ఆర్‌బీసీ బాగా తగ్గి ఎంసీవీ పెరిగితే బీ12, ఫోలిక్ యాసిడ్ గుర్తుకురావాలి. సుగర్‌కి పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న శాకాహారి ఒకాయన, 58 ఏళ్ళు, అరికాళ్ళు తిమ్మిర్లని వచ్చారు. ఆర్‌బీసీ 2.1, హిమోగ్లోబిన్ 8.2, ఎంసీవీ 118. అంతకుముందు ఆయన 'రక్తం పట్టడానికి' అని ఐరన్ టానిక్కులు తాగుతున్నారు. కణాలు పెద్దవై తగ్గుతుంటే ఐరన్‌తో పనిలేదు. ఒక్క ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా ప్రమాదమే: రక్తం అంకెలు బాగుపడినట్టు కనిపిస్తాయి, లోపల నరాలు పాడవుతూ ఉంటాయి. బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టిన వారం పదిరోజుల్లో కొత్త కణాలు రావడం మొదలైంది. తిమ్మిర్లు తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది.

అన్నిటికన్నా మోసం చేసేది ఐరన్, బీ12 రెండూ తగ్గినప్పటి రిపోర్టు. ఒకటి కణాన్ని చిన్నది చేస్తుంది, ఇంకోటి పెద్దది చేస్తుంది, సగటు 88 అని వచ్చి అంతా బాగున్నట్టు ఉంటుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ, స్మియర్ రెండే నిజం చెప్తాయి. మిషను ఎంత మంచిదైనా గాజుపలక మీద కణాల్ని కళ్ళతో చూసేవాళ్ళుండాలి. రిపోర్ట్ కింద స్మియర్ గురించి రెండు ముక్కలు రాసివున్నాయో లేదో చూసుకోండి.

శాంపిల్ వల్ల వచ్చే తప్పులు కూడా చాలా ఉన్నాయి. సెలైన్ ఎక్కుతున్న చేతినుంచే రక్తం తీస్తే పలచబడి అన్నీ తక్కువొస్తాయి. ఊదామూత ట్యూబులో రక్తం పోసి సరిగా కలపకపోతే సన్నని గడ్డ కట్టి కౌంట్లు పడిపోతాయి. ఒక డిసెంబరు పొద్దున ఒక పెద్దావిడ రిపోర్ట్‌లో ఆర్‌బీసీ 1.6, హిమోగ్లోబిన్ 11.2, ఎంసీహెచ్‌సీ 62 అని వచ్చింది. ఎంసీహెచ్‌సీ అంత రావడం అసాధ్యం, ఒక కణంలో అంత హిమోగ్లోబిన్ పట్టదు. ట్యూబుని 37 డిగ్రీల్లో అరగంట వెచ్చబెట్టి మళ్ళీ పెడితే ఆర్‌బీసీ 3.7. చలికి కణాలు గుంపులుగా అతుక్కుపోతే మిషను ఒక్కో గుంపుని ఒక్కో కణంగా లెక్కపెట్టింది. కణాలు అలా అతుక్కోవడానికి కారణమేంటో ఆవిడకి విడిగా వెతకాల్సివచ్చింది. మొదటి రిపోర్ట్ అలాగే వెళ్ళివుంటే ఇంట్లోవాళ్ళు రక్తం బాటిళ్ళ కోసం పరుగెత్తేవాళ్ళు.

మరొకటి. మూత్రపరీక్షలో 'ఆర్‌బీసీ 2–3' అని చూసి రక్తంలో ఎర్రకణాలు రెండే ఉన్నాయని బెంబేలెత్తి ఫోన్ చేసేవాళ్ళున్నారు. అది వేరే పరీక్ష. మూత్రంలో మైక్రోస్కోపు కింద ఒక్కో గడిలో కనిపించిన కణాలవి. అక్కడ తక్కువ ఉంటేనే మంచిది. అలాగే ఐరన్ లోపం ఉన్నప్పుడు మూడు నెలల సుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. ఆ ఆయుష్షు మారినా, రక్తం ఎక్కించుకున్నా ఆ అంకె నమ్మదగ్గది కాదు.

ఇక మీరు చెయ్యాల్సింది. ముందు ఫెరిటిన్ చేయించండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వద్దు, అప్పుడది ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. 15 కన్నా తక్కువుంటే ఐరన్ లోపం ఖాయం, 30 లోపున్నా ఉందనే అనుకోవాలి. అదేరోజు హెచ్‌పీఎల్‌సీకి కూడా రక్తం ఇచ్చెయ్యండి. దీనికి పరగడుపున వెళ్ళాల్సిన పనిలేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకునివుంటే మాత్రం ల్యాబులో చెప్పాలి, వేరేవాళ్ళ కణాలు కలిసి ఫలితం తప్పొస్తుంది. హెచ్‌పీఎల్‌సీ రిపోర్ట్‌లో హెచ్‌బీ ఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) అన్న వరుస చూడండి. ట్రెయిట్ ఉన్నవాళ్ళలో సాధారణంగా 4 నుంచి 6 శాతం మధ్య ఉంటుంది. 3.5కి అటూ ఇటూ వస్తే అది గట్టుమీదున్న ఫలితం. ఐరన్ లోపం ఏ2ని కిందికి లాగుతుంది కాబట్టి, ఫెరిటిన్ తక్కువుంటే ఐరన్ సరిచేసుకుని మళ్ళీ చేయించాలి. కానీ దానికోసం మీవారి పరీక్షని ఆపకండి.

మీవారికి ఉత్త సీబీపీ చేయించి 'బాగానే ఉంది' అని ఊరుకోవద్దు. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) ట్రెయిట్ ఉన్నవాళ్ళ సీబీపీ పూర్తిగా మామూలుగా ఉండొచ్చు. మీకు బీటా ట్రెయిట్, ఆయనకి సికిల్ ట్రెయిట్ అయినా బిడ్డకి ఇబ్బందే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ ఎక్కువని దానికోసం 2023 జులైలో కేంద్రం ఒక జాతీయ కార్యక్రమం కూడా మొదలుపెట్టింది, కానీ మైదానంలో ఉన్నవాళ్ళకి ఉండదని రాసిపెట్టి లేదు. ఆయనకీ హెచ్‌పీఎల్‌సీయే చేయించండి. "నాకేం జబ్బు, నాకెందుకు పరీక్ష" అని మగవాళ్ళు వెనకాడటం నేను చాలాసార్లు చూశాను. ఒక్క ట్యూబు రక్తం, జీవితంలో ఒక్కసారి చేసే పరీక్ష అని చెప్పండి. మీకు ట్రెయిట్ అని తేలితే మీ అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ కూడా చెప్పాలి, వాళ్ళలో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది. పెళ్ళి కావాల్సినవాళ్ళుంటే ముందు వాళ్ళకి.

ఇంట్లో బీట్‌రూట్, దానిమ్మ తినమంటున్నారని రాశారు. తినండి, మంచివే. కానీ వాటి ఎరుపు రక్తంలోకి రాదు. ఫెరిటిన్ తక్కువని తేలితే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనానికి గంట ముందూ వెనకా టీ, కాఫీ మానడం వాటికన్నా ఎక్కువ పనిచేస్తాయి. మాంసం తినేవాళ్ళయితే కాలేయం మంచిదే, కానీ గర్భం కోసం చూస్తున్నారు కాబట్టి దాన్ని తరచుగా తినొద్దు, విటమిన్ ఏ మరీ ఎక్కువవుతుంది. ట్రెయిట్ అని తేలి ఫెరిటిన్ బాగుంటే, హిమోగ్లోబిన్ 12 దాటించాలని ఇంట్లోవాళ్ళు పెట్టే హైరానాకి లొంగకండి. మీ ఒంటికి 10.9, 11 అలవాటైన అంకెలే కావొచ్చు. ఈ మాత్రం తక్కువకే బాగా నీరసం రాకూడదు కూడా, కాబట్టి థైరాయిడ్, విటమిన్ డీ, బీ12 ఒకసారి చూడమని మీ డాక్టరుగారిని అడగండి.

రిపోర్టులు వచ్చాక ఇద్దరివీ హెచ్‌బీ ఏ2, హెచ్‌బీ ఎఫ్, మీ ఫెరిటిన్ అంకెలు ఇక్కడే కింద రాయండి. పేర్లు, ల్యాబు వివరాలు వద్దు, అంకెలు చాలు. చూసి ఆ రోజే జవాబిస్తాను.